టిక్కు కింద పేరు

క్యాంపస్ లైబ్రరీ మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, కరుణ తెలుగు చేసిన వాక్యాలను రజిని వరసగా తిరస్కరిస్తోంది. ఆసుపత్రి యాప్‌ను తెలుగులోకి మార్చే ఆ సైటులో ఎవరి వాక్యాన్ని వాళ్లు ఓకే చేసుకోలేరు. ఇంకొకరు చూసి టిక్కు పెట్టాలి. పాయింట్ల పట్టికలో మొదటి పేరు కరుణది. అది చూసినప్పుడల్లా రజిని ఓర్వలేక ఇంకో వాక్యం కొట్టేస్తోంది.

"ఏందే, నావి ముప్పై కొట్టేసినవ్?" తార్నాక నుంచి సమోసాలు తెచ్చిన కరుణ ఫోన్ చూసుకుంటూ పక్కన కూర్చుంది.

"మంచిగ లెవ్వు. పుస్తకం చదివినట్టున్నయ్."

"గట్లనా? మళ్ల రాస్త. జర నువ్వే చూసి చెప్పు."

ఆ మెత్తదనానికి రజినికి ఇంకా మండింది. "ఫస్టున్నది నువ్వు. నీకు నేను చెప్పాల్నా?"

"నేను రాసినయే ముప్పై. వేరేటోళ్లవి చెక్ చేసినా పాయింట్లిస్తరు గదా, గవే అన్ని."

"ఎవరివి చెక్ చేసినవ్?"

కరుణ సమోసా తుంచి సగం ఆమె చేతిలో పెట్టింది. "నీ పేజీ ఎన్నడూ తెరిచి చూడలేదా?"

రజిని తెరిచింది. ఆమె రాసిన ఆరువందల వాక్యాలన్నిటి పక్కనా ఆకుపచ్చ టిక్కులు. ప్రతి టిక్కు కిందా కరుణ పేరే.

తిరస్కరించినవి వెనక్కి తీసుకునే బటన్ ఎక్కడుందో కరుణకు తెలిసే ఉంటుంది. అడగలేక రజిని తనే ఒక్కో మెనూ తెరిచి వెతకసాగింది.