అటు తిరిగిన కెమెరా

వాగు పక్కన జింకల బాటను చూడవలసిన కెమెరా చెట్టు బెరడును చూస్తూ ఉంది.

రేణుకకు ఒళ్ళు మండింది.

భోపాల్‌పట్నం దగ్గరి ఆ అడవిలో చుక్కల జింకలు ఎన్ని మిగిలాయో తేల్చే సర్వే ఆమె చేతిలో ఉంది. జగదల్‌పూర్ నుంచి కెమెరాలు తెచ్చి చెట్లకు కట్టించింది. ఎదురుగా ఏది కదిలినా వాటంతటవే ఫొటో తీసుకునే కెమెరాలు.

ఈ ఒక్కటి మాత్రం మొదటినుంచీ పేచీయే. ఎండకు ఎదురుగా కడితే ఫొటోలన్నీ తెల్లగా వచ్చాయి. ఉత్తరానికి తిప్పితే గాలికి ఊగే గడ్డి ఫొటోలతో కార్డు నిండిపోయింది. గడ్డి కోయించి, కొత్త బ్యాటరీలు వేసి, జింక నడుమెత్తుకు దించి కట్టింది. హమ్మయ్య అనుకునేసరికి ఇప్పుడిది.

"కోతులేమో మేడం," అన్నాడు ఫారెస్టు వాచరు హిడ్మా.

"కోతి బెల్టు వదులు చేసి, తిప్పి, మళ్ళీ బిగిస్తుందా?"

హిడ్మా బెల్టు విప్పి కెమెరాను మళ్ళీ బాటవైపు తిప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పొదల వెనక కాపు కాశారు.

ఎండ పడుతుండగా ఒక ముసలామె వచ్చింది. భుజాన గోనెసంచి, చేతిలో వెదురు కర్ర. అటూ ఇటూ చూసి, కెమెరాను మెల్లగా చెట్టువైపు తిప్పింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" రేణుక ఒక్క ఉదుటున లేచింది.

ముసలామె ఉలిక్కిపడి సంచిని వీపు వెనక్కి నెట్టుకుంది.

"ఏ ఊరు నీది?"

"వాగవతల."

"పేరు?"

"ఉప్పలమ్మ."

రేణుక హిడ్మావైపు చూసింది.

"నాకెరక లేదు మేడం. మా దిక్కు మనిషి కాదు."

"కెమెరా ఎందుకు తిప్పుతున్నావ్ అవ్వా?"

"దాంట్ల మనుషుల మొఖాలు పడొద్దు బిడ్డా."

"మనుషుల మొహాలు మాకెందుకు? జింకల కోసం పెట్టాం. ఆ సంచిలో ఏముంది?"

"ఏం లేదు."

హిడ్మా చెయ్యి చాపాడు. ఆమె సంచిని గుండెకు అదుముకుంది.

"వద్దులే హిడ్మా. ఇప్పపువ్వు ఏరుకుని ఉంటుంది," అంది రేణుక. "చూడవ్వా, రేపటినుంచి ఇటు రాకూడదు. వస్తే రేంజర్ సాబ్‌కి చెప్పి కేసు పెట్టిస్తాను."

"అట్ల అనకు బిడ్డా. పొద్దుగాల ఒక్కసారి వచ్చిపోత. మీ మిషన్ ముట్టను. నన్ను రానియ్యి."

"అసలెందుకు రావాలి నువ్వు?"

ఉప్పలమ్మ పెదవులు కదిలాయి. హిడ్మా ఖాకీ చొక్కాను ఒకసారి చూసి తల దించుకుంది. ఇక ఎంత అడిగినా నోరు విప్పలేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ వాచర్లను కాపలా పెట్టించింది రేణుక. ఉప్పలమ్మ రోజూ వాగు ఒడ్డుదాకా వచ్చేది. వాచర్లు వెనక్కి పంపేవారు.

"ఏమంటోంది?" అని అడిగింది రేణుక ఒకరోజు.

"ఏమనది మేడం. నిలబడి చూస్తది, పోతది."

కెమెరా బుద్ధిగా పనిచెయ్యసాగింది. జింకల గుంపు, తల్లి వెనకే తడబడే పిల్ల. ఆ ఫొటో చూసి పై ఆఫీసువాళ్ళు రేణుకను మెచ్చుకున్నారు. అయినా ఆ ముసలామె చూపు ఆమె మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఆ వారంలోనే ఒక ఉదయం హిడ్మా ఫోన్ చేశాడు.

"మేడం, జల్ది రండి. వాగు కాడ కరెంటు తీగ."

ఆమె వెళ్ళేసరికి కరెంటువాళ్ళు లైను ఆపేశారు. జింకల బాటకు అడ్డంగా, కోసిన గడ్డి మోళ్ళ మధ్య సన్నటి ఇనుప తీగ. దాని కొస పైన పోయే కరెంటు లైనుకు కొక్కెంతో తగిలించి ఉంది. తీగ పక్కనే ఉప్పలమ్మ పడి ఉంది. ప్రాణం లేదు.

ఆమె సంచి విప్పారు. నిండా ఇనుప తీగ చుట్టలే.

"ఇన్నాళ్ళూ జింకలకు తీగలు పెట్టేది ఈ ముసలిదేనా!" అన్నారెవరో.

రేణుక కూడా అలాగే అనుకుంది. కెమెరా కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టింది.

ముందురోజు వాచర్లు వెళ్ళిపోయాక, పొద్దుగూకే వేళ పడిన ఫొటోలు అవి. మొదటిదాంట్లో ఒక యువకుడు పొడుగాటి గడతో తీగను లైనుకు తగిలిస్తున్నాడు. రెండోదాంట్లో అతను లేడు. ఉప్పలమ్మ ఉంది. పరుగున వచ్చినట్టుంది, కొంగు నేలమీద పడి ఉంది. కర్రతో తీగను లాగుతోంది.

మూడోదాంట్లో ఆమె నిలబడి లేదు.

"సంచిల ఉన్నవి ఆమె పెట్టినవి కావు మేడం. పీకినవి." అన్నాడు హిడ్మా. "వేటగాళ్ళు రాత్రికి తగిలించి తెల్లారంగనే కొక్కెం తీసేస్తరు, పొద్దుగాల తీగలో కరెంటుండదు. అప్పుడొచ్చి పీకేది. మనం పొద్దుగాల రానియ్యకపోతిమి."

రేణుక లాప్‌టాప్ మూసేసింది.

"రానియ్యి అని అంతలా అడిగింది కదా హిడ్మా! పెట్టేవాడెవడో ఒక్క మాట చెబితే వాణ్ణే పట్టుకునేవాళ్ళం కదా! ఎందుకు దాచింది?"



అంతలో కబురు తెలిసి వాగవతలి ఊరివాళ్ళు వచ్చారు. గుంపులో ఒక మొహం చూసి హిడ్మా ఎగిరి వాడి చొక్కా పట్టుకున్నాడు.

"వీడే మేడం! ఫొటోల ఉన్నోడు వీడే!"

ఆ యువకుడు పారిపోలేదు. చొక్కా విడిపించుకోనూ లేదు. హిడ్మాను ఈడ్చుకుంటూనే ముందుకు నడిచి, ఉప్పలమ్మ పాదాల మీద తల పెట్టి "అమ్మా" అన్నాడు.