ఏడో ప్రశ్న

“పేరు?”

“పలిస్తా.”

“వయసు?”

“పద్దెనిమిది నిండాయి, మేడమ్.”

“గట్టిగా చెప్పవే. అలా నీళ్ళు నమిలితే వీసా ఇవ్వను.”

చినీమాయ ఆజీ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, వీసా అధికారిలా బిగుసుకుని కూర్చుంది. ఎదురుగా పీట మీద మనవరాలు. పొద్దున టీ తాగగానే రోజూ ఇదే ఆట. మొత్తం ఇరవై ప్రశ్నలు. ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో జవాబు. పలిస్తా ముందు తమ భాషలో రాసుకుంటే, కన్సల్టెన్సీ సారు దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తాడు.

ఆజీ బడి మొహం చూడలేదు. అరవై దాటాక, ఈ మనవరాలి ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని అక్షరాలు నేర్చుకుంది.

ఏడో ప్రశ్న రాగానే పలిస్తా చేయి చాచి, కుడి పేజీ మీద అట్టముక్క పెట్టేసింది.

“పన్నెండో తరగతి అయ్యాక ఏడాదిపాటు ఖాళీగా ఎందుకున్నావు?” ఆజీ ప్రశ్న మాత్రం చదివింది.

“అది తర్వాత. ఎనిమిదికి పో ఆజీ.”

“తర్వాతేమిటే? నా జంకు పండుగ కోసం ఆగానని చెప్పు!”

“జంకు అంటే అక్కడివాళ్ళకి తలాతోకా తెలీదట. ఇంకా బలమైన కారణం రాయమన్నాడు సారు.”

“ఇంతకంటే బలమైంది ఏముంటుందే?”

పలిస్తా నవ్వి పేజీ తిప్పేసింది.

వచ్చే ఫాల్గుణంలో ఆజీకి డెబ్భై ఏడేళ్ళ ఏడు నెలల ఏడు రోజులు నిండుతాయి. ఆ రోజు చేసే పండుగే జంకు. ఆమెను రథం మీద కూర్చోబెట్టి తమ ఊరు పాటన్ వీధుల్లో లాగుతారు. అప్పటి నుంచి ఆమె మనిషి కాదు, దేవత. కిందటేడు పరీక్షలు అవగానే ఆజీ మనవరాలి గడ్డం పట్టుకుని బతిమాలింది.

“ఒక్క ఏడాది ఆగవే. నా రథం తాడు నువ్వు లాగాలి. ఆ తర్వాత ఏ దేశమైనా పో.”

పలిస్తా ఆగింది. తోటివాళ్ళంతా చదువుకని సిడ్నీ, మెల్‌బోర్న్ వెళ్ళిపోయారు. ఫోన్లో వాళ్ళ ఫొటోలు చూసిన రోజు ఆ పిల్ల అన్నం కంచం పక్కకి నెట్టేసేది.

ఆజీకి గుబులు పట్టుకుంది. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి కంచరగాడిదలతో లాసాకు వ్యాపారానికి పోయి తిరిగి రాలేదు. కూతురు, అంటే పలిస్తా తల్లి, ఇజ్రాయెల్‌లో ఎవరో ముసలావిడకు స్నానం చేయించి ముద్ద పెడుతోంది. ఎవరు చెప్పులు వేసుకున్నా ఆజీకి గుండె జారుతుంది. జంకు లోపలే ఈ ఇంట్లోంచి ఇంకొకరు పోతారని ఎందుకో ఒకటే అనిపిస్తోంది. ఇంకొకరంటే ఎవరు? పలిస్తా ఒక్కతేగా! అందుకే ఆ పిల్ల బయటికి పోయినప్పుడల్లా రేకుపెట్టె తీసి, పాస్‌పోర్టు ఉందో లేదో తడిమి చూసుకునేది.

మాఘం వచ్చాక పిల్ల మారిపోయింది. ఆజీకి తల దువ్వుతోంది. కాళ్ళు పిసుకుతోంది. పక్కన కూర్చుని ఏవేవో అడుగుతోంది.

“నీకు ఏ పువ్వులిష్టం ఆజీ?”

“మీ నాన్న వెళ్ళేటప్పుడు ఆఖరుగా నీతో ఏమన్నాడు?”

అడిగి, అన్నీ రాసుకుంటోంది.

వీధికుళాయి దగ్గర ఒకరోజు అష్టమాన్ కనిపించాడు. పేటలో ఎవరు పోయినా పాడె దగ్గర్నుంచి అన్నీ చూసే గుఠి సంఘానికి ఆయనే పెద్ద.

“అక్కా, నీ మనవరాలు పిడుగు! మన గుఠి పద్ధతులన్నీ కూర్చుని రాసుకుంది. ఎవరు మోస్తారు, ఏ రోజు ఏం చేస్తారు, అన్నీ. మావాళ్ళు మగపిల్లలై ఉండీ ఎందుకు!”

“ఇంట్లో మగదిక్కు లేదు కదా తమ్ముడూ. దానికి తెలియాలిగా.”

ఆజీ నవ్వుతూనే అంది. కానీ ఆ పూట సగం బిందె కూడా మోయలేకపోయింది.

వాళ్ళది పాత ఇల్లు. పడకలు కిందంతస్తులో, వంటిల్లు అన్నిటికంటే పైన. ఎక్కడానికి నిచ్చెనలాంటి చెక్కమెట్లు, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే తాడు. ఆ తాడు ఒకచోట పీచులు లేచింది.

“మార్చవే, పుణ్యముంటుంది,” అని ఆజీ మూడుసార్లు చెప్పింది.

“పౌర్ణమి పోనీ ఆజీ. తప్పకుండా మారుస్తా.”

మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఆజీ పైకి ఎక్కడం మానేసింది. రెండుపూటలా పలిస్తానే కంచం కిందికి తెచ్చేది. పౌర్ణమి ముందురోజు మాత్రం మెడచుట్టూ చేతులేసి గారాలుపోయింది.

“రేపు పైన వంటింట్లోనే తిందాం. నీకిష్టమని చటామరి అట్లు పోస్తా. పొయ్యి మీంచి తీసింది తీసినట్టు తినాలి. పిలవగానే రావాలి, సరేనా?”

ఆజీకి కళ్ళు చెమర్చాయి. పోయే పిల్ల. ఎన్నాళ్ళు పెడుతుంది గనక?

పౌర్ణమి పొద్దున్నే ఆజీ తలస్నానం చేసి మంచి చీర కట్టుకుంది. పైనుంచి బియ్యప్పిండి అట్టు కాలుతున్న వాసన దిగింది.

“ఆజీ! రా, చల్లారిపోతున్నాయి!”

“వస్తున్నానే. నా మోకాళ్ళేమన్నా నీ మోకాళ్ళా?”

ఒక చేత్తో తాడు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పక్కన కిటికీ గట్టు మీద నోటుబుక్కు తెరిచి ఉంది. ఏడో ప్రశ్న. అట్టముక్క లేదు.

పిల్ల తన గురించి ఏం రాసిందోనని ముచ్చటపడింది. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది.

“ఈ ఏడాదంతా చదువు ఆపుకుని మా ఆజీని కంటికి రెప్పలా చూసుకున్నాను, కానీ జంకుకు నెలముందు, మాఘ పౌర్ణమి నాటి ఉదయం, మెట్ల తాడు తెగి పడి ఆమె నా ఒళ్ళోనే కన్నుమూసింది.”