అటక మీది లాప్‌టాప్

రాత్రి ఆఫీసులో హెల్ప్‌డెస్క్ అతనొక్కడే మిగిలాడు. ఇంటి నుంచి పనిచేసే అకౌంట్స్ అక్క మళ్లీ ఫోన్ చేసింది.

“తమ్ముడూ, నా లాగిన్ మళ్లీ లాకైపోయింది. పాస్‌వర్డ్ మార్చినప్పటి నుంచి ఇదే గోల. నా ప్రాణం తోడేస్తోంది.”

అతను తన తెర మీద వెతికాడు.

“మీ పాత లాప్‌టాప్ ఇంకా పాత పాస్‌వర్డే పంపుతోందక్కా. అందుకే లాకవుతోంది. దాన్ని ఆపేయండి, చాలు.”

“అదా? అటక మీద అట్టపెట్టెలో పడుంది. బ్యాటరీ ఉబ్బిందని నువ్వే కదా పీకేశావు! అక్కడ ప్లగ్గు కూడా లేదు.”

అతను తెర మీద మళ్లీ చూశాడు. అదే లాప్‌టాప్.

“ఇంట్లో ఇంకెవరున్నారక్కా?”

“నేను తప్ప పురుగు కూడా లేదు. ఉండు, చూసొస్తా.”

ఆమె ఫోన్ బల్ల మీదే పెట్టి వెళ్లింది. నిచ్చెన కిర్రుమంది. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. కాసేపటికి ఫోన్ పక్కనే కుర్చీ జరిగింది. కీబోర్డు టకటకలాడింది. హమ్మయ్య, దిగొచ్చేసింది అనుకున్నాడు.

“దొరికిందా అక్కా?”

టకటక ఆగిపోయింది.

“తమ్ముడూ!” అక్క గొంతు ఎక్కడో దూరంగా, పైనుంచి వినిపించింది. “పెట్టె ఖాళీగా ఉంది. దిగుతున్నా ఉండు.”

దిగొద్దని అరవబోయాడు.

“ష్...” అన్నారెవరో, ఫోన్‌కి బాగా దగ్గరగా.