రేపు రావాల్సిన ఓడ

ముందే ఒప్పేసుకుంటా. ఆ రోజు రియాక్టర్ గదికి ఫోన్ చేసి "ఫుల్ పవర్ ఇవ్వండ్రా" అని అరిచిన ఉస్తీన్యా నేనే. "నేను" అని రాయడానికి మనసొప్పక "ఆమె" అని రాస్తున్నా. చివరిదాకా చదివాక, మీకూ ఇలాంటిదొకటి ఉంటే కింద రాయండి. నాకు కాస్త తోడుంటుంది.

"రేపే కదా మీరొచ్చేది? రేపేనా?"

రేడియోలో ఆడగొంతు వణుకుతోంది. ఆ రేడియోని సరిచూడడానికి మంచు చీల్చే ఐస్‌బ్రేకర్ ఓడ పై గదిలోకి వచ్చిన ఉస్తీన్యా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు కెప్టెన్ క్లిమ్ సవేల్యెవిచ్.

"నా పేరు ఖాద్నే అయ్యా. పాత లైట్‌హౌస్ దగ్గర, జింకల మందతో ఉన్నా. నడి చలికాలంలో వాన పడింది కదా, నేలంతా గాజులా గడ్డకట్టేసింది. గిట్టలరిగేలా తవ్వినా వాటికి మంచు కింద మేసే నాచు అందట్లేదు. మూడొందలు పోయాయి. ఇంకో నాలుగొందలున్నాయి, నడుస్తూ నడుస్తూనే కూలబడుతున్నాయి. పెద్దపిల్లని తీసుకుని మా ఆయన ముందెళ్ళాడు. మీరు రేపొస్తారని పోర్టువాళ్ళు చెప్పారు, అందుకే మేము..."

కెప్టెన్ మైకు బటన్ నొక్కేశాడు.

"రేపా? జింకలు చస్తుంటే రేపటిదాకా లంగరేసుకుని కూర్చుంటామా తల్లీ! ఇప్పుడే బయల్దేరుతున్నాం. రొట్టెలున్నాయి, డీజిలుంది, డాక్టరున్నాడు. ఏం భయపడకు. మా ఓడ సంగతి నీకు తెలీదు..."

"బటన్ వదలండి క్లిమ్ సవేల్యెవిచ్," అంది ఉస్తీన్యా. "మీరు నొక్కి పట్టుకున్నంతసేపూ ఆవిడ మాట మనకి రాదు."

"ఏడుస్తూ ఉంటుంది పాపం. వినడానికేముంది?"

వదిలేసరికి గరగర తప్ప ఏమీ లేదు. చలికి ఆవిడ బ్యాటరీ చచ్చిపోయినట్టుంది.

మంద పోతే ఆ ఇంటికి తిండీ, గుడారం, ఒంటిమీద బట్టా అన్నీ పోయినట్టే. ఉస్తీన్యా రియాక్టర్ గది ఫోన్ అందుకుంది.

"ఫుల్ పవర్ ఇవ్వండ్రా! మంద చచ్చిపోతోంది!"

ఓడ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. రష్యా ఉత్తరాన ఓబ్ అఖాతం మీద రెండు మీటర్ల మంచు అప్పడంలా విరుగుతోంది.

"మా నాన్నది బొగ్గుతో నడిచే ఓడ," అన్నాడు కెప్టెన్. "ఈ దూరానికి రెండ్రోజులు. ఇరుక్కుంటే వంటవాడితో సహా అందరూ ఈ అంచునుంచి ఆ అంచుకి పరిగెత్తి ఓడని ఊపేవాళ్ళు."

"మన వంటవాణ్ణి పరిగెత్తమంటే రాజీనామా చేస్తాడు," అన్నాడు చుక్కాని పట్టుకున్నవాడు.

"తర్వాత నాది డీజిల్ ఓడ, ఒక రోజు. ఇప్పుడు చూడు, అణుశక్తి ఓడ, మూడు గంటలు! పైగా మనం ఒక్కసారి కోస్తే చాలు. వెనకే గ్యాస్ ఓడలు వరసగా తిరుగుతాయి, ఎండాకాలం దాకా ఈ దారి పూడనివ్వవు."

ఉస్తీన్యా వినడం లేదు. ఐదేసి నిమిషాలకోసారి రేడియోలో పిలుస్తూనే ఉంది. "ఖాద్నే అక్కా, వస్తున్నాం. ఇంకాసేపు ఓర్చుకో. అక్కా, వినపడుతోందా?"



లైట్‌హౌస్ కనిపించేసరికి కుడివైపు మంచు మీద ఒక మనిషి. పక్కన మంచు మీద జారే స్లెడ్జి బండిలో ఓ పిల్ల. రెండు చేతులతో టోపీ పట్టుకుని పిచ్చోడిలా ఊపుతున్నాడు.

"చూశావా, ఎంత సంబరమో!" కెప్టెన్ హారన్ బారుగా మోగించాడు.

ఎడమవైపు మంద. సగం జింకలు కాళ్ళు ముడుచుకుని పడున్నాయి. అయినా బతికే ఉన్నాయి! ఉస్తీన్యాకి ఏడుపొచ్చేసింది. వాటిని దాటి ఓడ ఆగింది. ఆగకముందే రొట్టెల బస్తా భుజానేసుకుని నిచ్చెన దగ్గరికి పరిగెత్తింది. కిందికి దిగి, మంచు మీద పడుతూ లేస్తూ మంద దగ్గరికి చేరింది.

ఖాద్నే నిలబడి ఉంది. చచ్చిన రేడియోని ఇంకా నోటి దగ్గరే పట్టుకుని ఉంది.

"అక్కా! టైముకి వచ్చేశాం కదా?"

ఖాద్నే రొట్టెల వైపు చూడలేదు. ఓడ వైపూ చూడలేదు. మంచు కోసి ఓడ తెరిచిన నల్లటి నీళ్ళకి అవతల, ఇందాక టోపీ ఊపిన మనిషి మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. అటే చూస్తోంది.

"మీరు రేపొస్తారనేగా ఇవాళ దాటుతున్నాం. మేత ఆ ఒడ్డునుందమ్మా."