చీటీ మీద నంబరు

"మిషన్ల మోసమైంది సార్! నేనొప్ప!" అంటూ రాజనర్సు బల్ల గుద్దాడు. బల్ల మీదున్న ఓటింగు మిషన్ ఎగిరిపడింది.

ఖతార్‌లోని లుసైల్‌లో కట్టుబడి పనులు చేసే కంపెనీ క్యాంపు అది. శుక్రవారం మధ్యాహ్నం. మెస్ హాల్లో తొంభై ముగ్గురు తెలుగువాళ్ళు బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. వచ్చే నెల కంపెనీలో కార్మికుల కమిటీకి ఎన్నిక. నేపాలీలు ఒకణ్ణి, బెంగాలీలు ఒకణ్ణి నిలబెడుతున్నారు. తెలుగువాళ్ళు ఇద్దరు నిలబడితే ఓట్లు చీలి ఇద్దరూ మునుగుతారు. అందుకని ముందు తమలో తాము ఒక్కణ్ణి తేల్చుకుందామని ఈ ఎన్నిక పెట్టుకున్నారు. తేలింది కూడా. స్టోర్ కీపర్ రత్నాకర్‌కు నలభై ఏడు, మేస్త్రీ రాజనర్సుకు నలభై ఆరు.

ఒక్క ఓటు! ఏసీ లేని బస్సులో రోజూ సైటుకు గంటసేపు ప్రయాణం. జూన్‌లో ఆ బస్సులో ఇద్దరు సొమ్మసిల్లి పడిపోయారు. కమిటీలోకి వెళ్ళి ఆ బస్సు మార్పించాలని రాజనర్సు పంతం. రత్నాకర్‌కు అలాంటి పంతాలేవీ లేవు. క్యాంప్ మేనేజరు సత్యనారాయణమూర్తి ఎదుట అతను నోరు విప్పి ఎరగడు.

"ఏం మోసం జరిగిందయ్యా?" అన్నాడు మూర్తి విసుగ్గా.

"యాభై ఆరు మంది నా చేతిల చెయ్యేసి చెప్పిండ్రు సార్. మిషన్ల నలభై ఆరే ఉన్నయి. పది ఓట్లు ఏడికి పోయినయ్?"

ఎక్కడికి పోయాయో అక్కడే కూర్చున్న పదిమందికీ తెలుసు. వాళ్ళు నేలచూపులు చూశారు. చేతిలో చెయ్యి వేసిన ప్రతివాడూ ఓటు కూడా వేస్తాడనుకునే అమాయకులు ఈ రోజుల్లో కూడా ఉన్నారు, ఏం చేస్తాం!

రూమ్మేట్ గజేందర్ రాజనర్సు చొక్కా పట్టుకుని లాగాడు. "పోనియ్యే అన్నా. ఒక్క ఓటే గద."

"ఆ ఒక్కటి నీదేనేమో! నాకేసినవా నువ్వు? నిజం చెప్పు."

గజేందర్ మొహం చిన్నబోయింది. "గంత మాటంటివేందే..."

"ఎవల్ని నమ్మాలెరా? మిషన్ల ఒత్తినంక ఎవడు ఎవనికేసిండో దేవునికి గూడ తెల్వది."

"హెడ్డాఫీసు వాళ్ళు పంపిన మిషనయ్యా అది," అన్నాడు మూర్తి. "ఎవరు ఎవరికి నొక్కారో నాక్కూడా తెలీదు."

"గదే నా బాధ సార్! కాగితం మీద పెట్టండ్రి. దొంగ ఓట్లు పడకుండ ఎవని చీటీ మీద వాని ఐడీ నంబర్ రాయాలె. మాట మీద ఎవడు నిలబడ్డడో అందరి ముంగట తెలుస్తది."

మూర్తి కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాడు. ఇంత మంచి ఉపాయం తనకు తట్టనందుకు సిగ్గుపడ్డాడో ఏమో, తలెత్తకుండానే తుడిచాడు. తరవాత నవ్వాడు.

"నంబరుతో సహానా?"

"నంబర్‌తోనే."

"ఇంకోసారి ఆలోచించుకో."

"ఆలోచన మాఫీ సార్, ఇంకేం లేదు. యల్లా, జల్ది మొదలువెట్టండ్రి."

"ఎందుకే నర్సన్నా, మిషనే మంచిగుండె," అని వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు. రాజనర్సు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మేనేజరంతటివాణ్ణి ఒప్పించానన్న సంబరంలో ఉన్నాడు.

చీటీలు పంచారు. డబ్బా పక్కనే మూర్తి కుర్చీ వేసుకుని, ఒక లావుపాటి ఫైలు ముందు పెట్టుకున్నాడు.

"ఎలాగూ ఒక్కొక్కళ్ళే వస్తున్నారు కదా, మీ కాంట్రాక్టు రెన్యువల్ కాగితాల మీద సంతకాలు కూడా కానిచ్చేద్దాం. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి."

హాలు చప్పున చల్లబడిపోయింది. ఒక్కొక్కరే లేచారు. రాయడం రానివాళ్ళు పేరు చెబితే మూర్తే రాసి పెట్టాడు. "ఎవరి పేరు రాయమంటావు నాయనా?" అని ఎంతో ముద్దుగా అడిగాడు. ఆయన ఒక్కసారి కూడా గద్దించలేదు. ఆ అవసరం రాలేదు.

రాజనర్సు వంతు వచ్చింది. మూర్తి ఫైలులోంచి అతని కాగితం బయటకు తీశాడు.

"నీ గడువు కూడా ఈ నెలాఖరే కదూ రాజనర్సూ?"

"ఔ సార్."

"రాయి, రాయి. తొందరేం లేదు."

రాజనర్సు చీటీ రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశాడు. సంతకం పెట్టి వచ్చి గజేందర్ పక్కన కూర్చున్నాడు. హాల్లో రెండు ఏసీలు నడుస్తున్నా మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

మూర్తి చీటీలు విప్పడం మొదలుపెట్టాడు. రత్నాకర్. రత్నాకర్. మళ్ళీ రత్నాకర్. ఇరవై దాటేసరికి లెక్కపెట్టే వాళ్ళు వేళ్ళు ముడవడం మానేశారు. యాభై దాటేసరికి రత్నాకర్ కూడా నవ్వడం మానేసి తల దించుకున్నాడు. రాజనర్సు బిక్కచచ్చిపోయి డబ్బా వంకే చూస్తున్నాడు. బస్సూ లేదు, కమిటీ లేదు, పరువూ లేదు.

తొంభై రెండు చీటీలు ఒక పక్కకు చేరాయి. చివరి చీటీ విప్పి మూర్తి కనుబొమలు ఎగరేశాడు.

"రాజనర్సుకు ఒకటి. నంబరు నాలుగు వేల నూట పదిహేడు." అంటూ ఫైలు తిరగేసి, ఆ నంబరు తాలూకు రెన్యువల్ కాగితం విడిగా తీసి పక్కన పెట్టుకున్నాడు.

గజేందర్ లేచి నిలబడ్డాడు. "గది నా నంబరే సార్," అన్నాడు. తరవాత రాజనర్సు వైపు తిరిగాడు.

"అన్నా, మరి నీ చీటేదే?"