కొత్త డ్రమ్మర్

"నన్ను పీకేసి డ్రమ్స్ మీద ఎవణ్ణి కూచోబెట్టార్రా?" మంచంలోంచే గద్దించాడు చెన్నకేశవ. బ్యాండు పెట్టిందీ, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల స్టేజీల మీదికి ఎక్కించిందీ అతనే. గంజాయి తలకెక్కాక అతన్ని తీసేసింది మాత్రం సింగర్ కోటిబాబు.

కోటిబాబు ఫోన్‌లో మొన్నటి తిరునాళ్ళ పాట పెట్టాడు.

డ్రమ్స్ మొదలవగానే చెన్నకేశవ వేళ్ళు మంచంపట్టె మీద ఆడాయి. అంతలోనే తడబడి ఆగిపోయాయి.

పాట అయ్యేదాకా తల వంచుకుని విన్నాడు.

"నాకన్నా చానా బాగా వాయిస్తన్నాడురా. ఆణ్ణి మాత్రం వదులుకోబాకండి."

"వదులుకోం అన్నా."

కొత్తవాడెవడూ రాలేదు. తిరునాళ్ళలో మోగింది చెన్నకేశవ బాగున్న రోజుల్లో వాయించగా పట్టిపెట్టిన రికార్డింగే. వినగానే గుర్తుపట్టి బూతులు తిడతాడని, ఆ తిట్ల కోసమే వచ్చాడు కోటిబాబు.

"పేరేందిరా ఆడిది?" అడిగాడు చెన్నకేశవ.