ఆలస్యానికి కారణం

"ఆ మాట కొట్టెయ్యండి," అంది కూతురు.

సర్జన్ కలం ఆపాడు. ఆపరేషన్ తర్వాత చనిపోయిన ప్రతి మనిషికీ ఆ ఆస్పత్రిలో ఒక కాగితం నింపుతారు. అందులో 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో ఆయన 'ఇంటివాళ్ళు ఆలస్యంగా తీసుకొచ్చారు' అని రాశాడు.

"మీ అమ్మగారు తీసుకొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది కదమ్మా?"

"నొప్పి మొదలైంది పొద్దున. పదింటికల్లా మా నాన్న తన కాళ్ళ మీద తనే నడిచి క్లినిక్‌కి వెళ్ళాడు. అక్కడ కిడ్నీలో రాయన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేశారు. ఆలస్యం మా అమ్మదా?"

గోడవార బెంచీ మీద తల్లి మూడు రోజుల నాటి బట్టలతోనే కూర్చుని ఉంది. "ఊరుకోవే," అంది నీరసంగా.

సర్జన్ కళ్ళజోడు తీశాడు. "పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలితే చాలామంది ఆస్పత్రి దాకా రానే రారు. ఈయనకి డెబ్భై ఒకటి. వచ్చేసరికి బీపీ అరవై, స్పృహ లేదు. ఆపరేషన్ తట్టుకున్నారు గానీ కిడ్నీలు చేతులెత్తేశాయి. ఇవన్నీ కలిసి..."

"వయసొక్కటే ఆయన వెంట తెచ్చుకున్నది. మిగతావన్నీ ఆ ఆరు గంటలు తెచ్చిపెట్టినవి. పదింటికి బీపీ ఉంది, స్పృహ ఉంది, జోకులేశాడు కూడా. అప్పుడే మీ దగ్గరికి పంపిస్తే?"

సర్జన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్పండి."

"బతికే అవకాశం చాలా ఎక్కువుండేది."

"డెబ్భై దాటిన దర్జీ. కుట్టుమిషను ముందు కూర్చుని నలభై ఏళ్ళు సిగరెట్లు తగలేసిన మనిషి. నడుంలోంచి పొట్టలోకి పొడుస్తోందంటే పొట్ట మీద చెయ్యి వేసి చూడక్కర్లేదా? వేస్తే దడదడా కొట్టుకోవడం తెలిసేది. కుర్చీలోంచి లేస్తే కదా! మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపడమే."

"బయట జనం కిక్కిరిసి ఉన్నారే," అంది తల్లి. "కావాలని చేస్తారా ఎవరైనా? ఆ డాక్టరంటే మీ నాన్నకి ఎంత గురి. ఆ మాట నమ్ముకునే మధ్యాహ్నమంతా పళ్ళు బిగించి పడుకున్నారు."

"అదేనమ్మా నా కడుపుమంట. నమ్మాడు."

"రాయి నొప్పీ ఇదీ ఒక్కలాగే ఉంటాయి," అన్నాడు సర్జన్. "రేపు నా చేతిలోనూ జరగొచ్చు. పేరు రాస్తే విచారణ తప్పదు. ఒక మనిషి బతుకుతెరువు పోతుంది."

"పోనివ్వండి. డాక్టర్లు ఇలా ఒకళ్ళనొకళ్ళు వెనకేసుకొస్తుంటే రేపు ఇంకెవరి నాన్నో పోతాడు."

తల్లి లేచొచ్చి ఆమె భుజం పట్టుకుంది. "పోయినాయన ఎలాగూ పోయారు. ఉన్నవాళ్ళనైనా బతకనివ్వు."

కూతురు ఆ చెయ్యి విదిలించుకుంది.

సర్జన్ రాసింది కొట్టేశాడు. 'ముందు చూసిన డాక్టర్ జబ్బు గుర్తించలేదు' అని రాసి, తలెత్తాడు. "ఆ క్లినిక్ డాక్టర్ పేరు?"

ఆమె కాగితం తన వైపు లాక్కుంది. ఆయన చేతిలోని కలం తీసుకుంది. తల్లి మొహం తిప్పేసుకుంది.

'డాక్టర్' అని మొదలుపెట్టి, పక్కన తన పేరే రాసింది.